గిన్నెల ఏముండె

"అక్కా, పెద్దబాపుతోని తాగుడు మానిపిచ్చింది ఎవరు? అయ్యగారా, ఆ మీటింగోళ్ళా?"

మొన్న మధ్యాహ్నం మా చిన్నమ్మ బిడ్డ సుగుణ ఛత్రినాకల ఆటో ఎక్కి ఈ జల్‌పల్లి దాక వచ్చి, కూసోకముందే నన్ను ఈ మాట అడిగింది. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న. కాయను చెత్తల పడేసి ఈనెను తట్టల వేసిన, అంత తికమకైంది నాకు. బాపు పోయి ఏండ్లాయె. అయినా మా చుట్టాలల్ల ఎవరింట్ల తాగుడు లొల్లి మొదలైనా, వాళ్ళకు మా బాపే యాదికొస్తడు. "దానియేలు మానేసిండు గద, ఎట్ల మానేసిండో ఆయన బిడ్డను అడుగుండ్రి" అంటరు. అడిగినప్పుడల్లా నేను చాయ్ పెడత అని లేచి వంటింట్లకు పోత. మొన్న గూడ లేచిన, గానీ సుగుణ నా చెయ్యి పట్టుకొని కూసోబెట్టింది. ఆమె మొగడు విక్టర్ ట్రాలీ ఆటో నడుపుతడు. మంచి పిలగాడే, ఆమెను ఒక మాట అనడు, గానీ ఈ నడుమ పొద్దుగాలనే మొదలువెడుతున్నడంట. దవాఖానల డాక్టరమ్మ తాగుడు మానేటోళ్ళ మీటింగుకు పొమ్మన్నదంట. వాళ్ళ సంఘం పాస్టరేమో అది తప్పుడు బోధ, ఉపాసముండి ప్రార్థన చేసుకోండ్రి అన్నడంట. పక్కింటామె తీస్కపోయిన, తాగుడు నుంచి విడిపిస్తమనే విడుదల కూడికల బ్రదరేమో ఆ ఇద్దరికీ ఏం తెల్వదు, నా దగ్గరికొస్తే చాలన్నడంట. "ముగ్గురు మూడు దిక్కులకు గుంజుతుండ్రు అక్కా. నువ్వు కథలు గిట్ల రాస్తవు, నీకు తెల్వదా?" అన్నది. కథలు రాసుడు వేరు, తెలుసుడు వేరు తల్లీ అని నవ్విన. ఆమె నవ్వలే. ఇగ నాకు ఎరుకైంది ఎరుకైనట్టు చెప్పిన. గదే ఈడ రాస్తున్న, ఆమెకు చెప్పనివి గూడ కొన్ని కలిపి.

మా ఇల్లు ఛత్రినాకల రెండు అర్రల రేకుల ఇల్లు. బాపు పెండ్లిళ్ళ బ్యాండుల క్లారినెట్ ఊదెటోడు. బంగారు జరీ పట్టీల ఎర్రకోటు దండెం మీద ఏలాడుతుండె, దాని జేబులల్ల అమ్మ డాంబరు గోలీలు వేసేది. మా ఇంటికి డాంబరు గోలీల వాసన, క్లారినెట్ మూతికి రాసే నూనె వాసన, అమ్మ మరిగించే చాయ్‌పత్తి వాసన, ఈ మూడు ఎప్పుడూ ఉండేవి. బారాత్ లేని దినం బాపు గుమ్మం కాడ కూసొని క్లారినెట్ ముక్కలు ముక్కలు ఇప్పి, పాత బనీను పీలికతోని తుడుసుకుంట, సంఘంల పాడే పాటను పెండ్లి పాట లెక్క ఉరికిచ్చి ఊదుతుండె. అమ్మ లోపటికెళ్ళి "అది దేవుని పాట, జర నెమ్మదిగ" అని ఒర్లేది. "దేవునికి గూడ ఒక్కోపారి బారాత్ చూడాలనిపిస్తది శాంతమ్మా" అని నవ్వెటోడు. బస్తీల బోనాలకు గూడ వాళ్ళ బ్యాండే. పోతరాజు ముంగట మా బాపు ఊదుకుంట పోతుంటే నేను గడపల నిలబడి చూసేదాన్ని. ఆ వారం సంఘంల పాస్టరు అయ్యగారి మొకం ముడుసుకుంటుండె. బాపు పట్టించుకోకపోతుండె, ఊదినందుకు ఇల్లు గడుస్తున్నది గద అంటుండె.

తాగుడు ఆ బ్యాండుతోనే వచ్చింది. బారాత్ ముంగట ఊదేటోళ్ళకు పెండ్లోళ్ళు పోసుడు రివాజు. పోసినంక ఊపిరి పెద్దగ వస్తదని వాళ్ళ నమ్మకం. మొదాల బారాత్ దినం, ఎనుక బారాత్ లేని దినం, ఆఖరుకు అన్ని దినాలు. మా బాపు కొట్టెటోడు కాదు, తిట్టెటోడు కాదు. తాగి వచ్చి అమ్మ కాళ్ళ కాడ కూసొని ఏడ్సెటోడు. కొట్టినా బాగుండు, గా ఏడుపు మాత్రం భరించలేనని అమ్మ పక్కింటామెతోని అంటుంటే నేను ఇన్న. సంసారం మొత్తం అమ్మ కుట్టు మిషిను మీద నడిసింది. ఒకపారి ఆయన నెత్తురు కక్కుకుంటే దవాఖానల డాక్టరు, ఇంక తాగితే మనిషి దక్కడు అని నా ముంగటనే చెప్పిండు. నేను కాలేజీల కొత్తగ చేరిన దినాలవి. క్లాసుల కూసున్నా గదే మాట చెవులల్ల ఉండేది.

ఇంగ ఇంకొకటి చెప్పాలె, లేకుంటే ముంగటి కథ తెల్వదు. మా సంఘంల నెలకొకపారి ప్రభు బల్ల, యేసు శరీరం, రక్తం అని రొట్టె, ద్రాక్షారసం తీసుకునుడు. దానికి ద్రాక్షారసం బయట కొనకపోదురు. ఒకరింట్ల చేసుడే పాత తరం కాడికెళ్ళి వస్తున్న పద్ధతి, మా నాయనమ్మ చేసేది, ఆమె ఎనుక మా అమ్మ. మీర్ ఆలం మండీ కాడికెళ్ళి నల్లద్రాక్ష తెచ్చి, కడిగి, తెల్లబట్ట మీద ఆరబోసి, చేతులతోని పిసికి, చక్కెర, పిడికెడు గోధుమలు, రెండు లవంగాలు వేసి పెద్ద జాడీల పోసి మూతికి బట్ట కట్టేది. దినాం కట్టె గరిటెతోని కలిపేది, కలిపేటప్పుడు మాట్లాడకపోయేది. వారాలు గడిసినంక వడగడితే ఘాటుగ, జర మత్తుగ ఉండేది. తాగుబోతోని ఇంట్ల సారాయి లాంటి జాడీ! సంఘంల కొందరు గొణిగిండ్రు గూడ. గానీ మా బాపు ఆ జాడీని ఒక్కపారి గూడ ముట్టలే. చేతిల పైస లేక, చేతులు వణికిన దినం గూడ దాని పక్కకెళ్ళి నడిసిపోయిండు. గంత తాగెటోడు గా ఒక్క జాడీ కాడ ఎట్ల ఆగిండో నాకు గప్పుడు అర్థం కాలే, గిప్పుడు గూడ కాలే.

పక్కనున్న జహనుమా బస్తీల కుట్టు మిషిన్లు బాగుచేసే కరీం భాయ్ మా అమ్మ మిషిను కోసం వచ్చి బాపును చూసిండు. ఆయన గూడ ఒకప్పుడు తాగి ఇల్లు గుల్ల చేసుకున్నోడే. "దానియేల్ భాయ్, మేరే సాథ్ ఆవ్, ఊకె కూసొని ఇను, బస్" అని తీస్కపోయిండు. ఆ జహనుమాలనే ఒక క్లినిక్ ఎనుక అర్రల కుర్చీలు గుండ్రంగ వేసుకొని కూసునెటోళ్ళు. మొదటిపారి బాపు సిగ్గుపడితే నేనే తోడుపోయిన. ఒక్కొక్కరు లేచి, పేరు చెప్పి, "నేను తాగుబోతును" అని, ఎట్ల బతుకుతున్నరో చెప్పెటోళ్ళు. తాగుడు మానేసి ఏండ్లయినోళ్ళు గూడ గదే మాట అంటున్నరు. ఆఖరుకు అందరు కండ్లు మూసుకొని ఎవరికి వాళ్ళు తమకన్న పెద్దదైన శక్తిని తల్చుకోవాలె. ఒకరు అల్లా, ఒకరు ఎల్లమ్మ, ఒకాయనైతే నాకు ఏ దేవుడు లేడు, ఈ కుర్చీలల్ల కూసున్నోళ్ళే నా శక్తి అన్నడు. నాకు గది ఇని భయమైంది. నేను ఆదివారంబడిల పిల్లలకు ఒక్కడే రక్షకుడు అని నేర్పేదాన్ని! బాపును అడిగితే "నేను నా యేసునే తల్చుకున్న బిడ్డా, వాళ్ళు వద్దనలే" అన్నడు. ఆ దినం తాగలే. మర్నాడు తాగలే. చలికాలం పోయి ఎండకాలం వచ్చేదాక తాగలే. అమ్మ మిషిను తొక్కుకుంట పాడుడు మల్ల మొదలువెట్టింది.

సంగతి అయ్యగారికి తెలిసింది. మా అయ్యగారు కోస్తా దిక్కు మనిషి, గవర్నమెంటు ఆఫీసుల నౌకరీ చేసుకుంట సంఘం చూసుకునెటోడు. ఆయనను చెడ్డోడు అంటే నా నాలుక తెగిపడాలె. బాపు దవాఖానల ఉన్నప్పుడు అయ్యగారమ్మ మా ఇంటికి టిఫిన్ డబ్బాలు పంపింది, ఆయన మంచం పక్కన మోకాళ్ళ మీద ఉండి ఏడ్సిండు. గట్లాంటాయన ఒక మాపటికి మా ఇంటికొచ్చి, ఇచ్చిన చాయ్ ముట్టకుండ "దానియేలూ, నువ్వు మానేసినందుకు నాకు నీకన్నా ఎక్కువ సంతోషం. కానీ అక్కడ నువ్వు లేచి నిలబడి నేను తాగుబోతును అంటున్నావట. దేవుడు నిన్ను కొత్త మనిషిని చేశాడని నమ్మితే ఆ మాట ఎలా అంటావు?" అని అడిగిండు.

"అనకుంటే మర్సిపోత అయ్యగారూ. మర్సిపోతే మల్ల తాగుత."

"నీకు తోచిన దేవుణ్ణి నువ్వు పెట్టుకో అంటారే, అది తప్పుడు బోధ కాదా? విగ్రహాన్ని రాతితో చేస్తేనే విగ్రహమా, మనసులో చేసుకుంటే కాదా?"

"నేను యేసయ్యనే పెట్టుకున్న గద. వాళ్ళు వద్దనలే."

"వద్దనకపోవడమే నా భయం," అన్నడు అయ్యగారు. "ఎవరినైనా పెట్టుకోవచ్చు అన్నచోట ఆయన కూడా పదిమందిలో ఒకడైపోతాడు. నువ్వు సాక్ష్యం చెప్పు. దేవుడు నన్ను విడిపించాడు, నేను ఇక తాగుబోతును కాను అని సంఘం ముందు చెప్పు. అది చాలు."

ఇంగ బాపు మీటింగుల ఒక మాట అనాలె, సంఘంల దానికి ఉల్టా మాట అనాలె, రెండు నిజమే అనాలె. నేను ఇద్దరి దిక్కు చూసిన. అయ్యగారి మాట ఇంటే అయ్యగారి మాటే రైట్ అనిపిస్తది, బాపు మొకం చూస్తే బాపు మాట రైట్ అనిపిస్తది. ఇప్పుడు ఇంత వయసొచ్చి, ఇన్ని పుస్తకాలు చదివి గూడ నాది గదే హాలత్.

అసలు లొల్లి బల్ల కాడ అయింది. మా సంఘంల అందరికి ఒకటే గిన్నె, అయ్యగారు ఒక్కొక్కరి మూతికి అందిచ్చెటోడు. బాపు మీటింగుకు పోవట్టినకాడికెళ్ళి రొట్టె తీసుకొని, గిన్నె రాంగనే తల పక్కకు తిప్పుడు మొదలువెట్టిండు. ఒక్క చుక్క గూడ వద్దు, చుక్కతోనే మల్ల మొదలైతది అని కరీం భాయ్ గట్టిగ చెప్పిండు. ఒక నెల, రెండు నెలలు ఎవరు ఏమనలే. ఎనుక గుసగుసలు. దానియేలు ప్రభువు రక్తం వద్దంటుండు, ఆ సాయిబు ఏం మందు పెట్టిండో అని ఆడోళ్ళు అమ్మ ఇనేటట్టే అన్నరు. అయ్యగారు మల్ల వచ్చిండు. ఈపారి కోపం లేదు, బతిలాడుకున్నట్టే ఉన్నది. "అది సారా కాదు దానియేలూ. ఆయన రక్తం నిన్ను పడగొడుతుందని నువ్వు అంటున్నావు. నువ్వు ఏమంటున్నావో నీకు తెలుస్తోందా?" అన్నడు. బాపు "వచ్చే బల్లకు తీసుకుంట అయ్యగారూ" అన్నడు. ఆ మాట అమ్మ ఇన్నది.

అమ్మ ఏం జేసిందంటే, ఆ నెల జాడీ ముట్టలే. శనివారం పొద్దుగాల కొత్త ద్రాక్ష తెచ్చి, పొయ్యి మీద ఉడకబెట్టి, వడగట్టి, పులుపుకు నిమ్మకాయ పిండి, ఎప్పటి వాసన రావాలని లవంగాలు దంచి వేసింది. నేను గింజలు వడగట్టిన. ఉట్టి పండ్ల రసం, మత్తు పేరుకు గూడ లేదు. "బాపుకు చెప్పవా?" అన్న. "చెప్తే నమ్మకంతోని తాగినట్టు గాదు గద. అయ్యగారికి చెప్తే వద్దంటడు. ఎవరికి తెల్వకుంటే అందరికి మంచిది. ఆయన గిన్నె తీస్కుంటడు, సంఘం నోరు మూసుకుంటది, ఆయన లోపటికి ఏం పోదు" అన్నది. నాకు అమ్మ తెలివి మస్తు నచ్చింది. ఇంట్లనే రసం తయారుజేసే ఆడామెకు తప్ప ఇంకెవరికి దొరుకుతది ఇసొంటి ఉపాయం!

ఆదివారం బాపు ఇస్త్రీ అంగీ తొడుక్కొని మోకాళ్ళ మీద కూసున్నడు. గిన్నె వచ్చింది. కండ్లు గట్టిగ మూసుకొని తాగిండు. అయ్యగారు ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టి పెద్దగ స్తోత్రం చెప్పిండు. సంఘంల సగంమంది ఏడ్సిండ్రు. ఒక ముసలామె మాత్రం బయటికొచ్చినంక "శాంతమ్మా, ఈపాలి చక్కెర ఎక్కువ పడ్డది" అని చప్పరించింది. నేను, అమ్మ ఒకరి మొకం ఒకరు చూసుకొని నవ్వుకున్నం. నవ్వుకుంట చూస్తే బాపు లేడు. ఇంటికి రాలే. బువ్వకు రాలే. కరీం భాయ్‌కి కబురుపెట్టి, ఆయన, నేను ఎతుక్కుంట పోతే కల్లు కంపౌండుల బల్ల మీద, ముంగట సీసలతోని కూసొని ఉన్నడు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయిండు. "బాపూ, ఎందుకు?" అన్న. "అయిపోయింది గద బిడ్డా. పొద్దుగాలనే అయిపోయింది. గిన్నెతోనే పోయిన. ఇంగ దాచుకునేటందుకు ఏమున్నది?" అన్నడు.

ఆటోల వేసుకొని ఇంటికి తెచ్చేసరికి అయ్యగారు గుమ్మంల నిలబడి ఉన్నడు, ఎవరో చెప్పిండ్రు. బాపును మంచం మీద పండబెట్టి కరీం భాయ్ బయటికొచ్చిండు. ఇద్దరు మొదటిపారి ఎదురుబదురైండ్రు.

"అయ్యగారూ, బురా మత్ మానో, ఏమనుకోవద్దు. నేను చుక్క వద్దన్న. మీరు పోసిండ్రు."

"నేను పోసింది ఆయన్ని పడగొట్టలేదండి. ఒక్క చుక్కతో నీ పని అయిపోతుందని మీరు నేర్పిన మాట పడగొట్టింది. అదే మీ బోధలో ఉన్న విషం."

"జహర్ గిన్నెల ఉండె సాబ్, మాటల కాదు."

అమ్మ తడి చేతులు కొంగుకు తుడుసుకుంట ఇద్దరి నడుమకు వచ్చింది. "గిన్నెల ఏం లేకుండె" అన్నది. వాళ్ళకు అర్థం కాలే. "ఉడకబెట్టిన ద్రాక్షపండ్ల నీళ్ళు. నేనే చేసిన. దాంట్ల మత్తు లేదు, ఏం లేదు." అయ్యగారు మా గడప మీదనే కూలబడ్డట్టు కూసున్నడు. సంఘమంతటికి ఏం పోసిండో ఆయనకే తెల్వదని ఆయనకు గప్పుడు ఎరుకైంది. కరీం భాయ్ వద్దన్న చుక్క మా బాపు కడుపులకు పోనే లేదు, అయినా మనిషి పోయి కంపౌండుల కూసున్నడు. ఒకరిని ఒకరు తప్పు పట్టుకునేటందుకు వచ్చినోళ్ళిద్దరికి తప్పు యాడున్నదో దొరకలే. ఆఖరుకు కరీం భాయ్ "భాభీ, చాయ్ పోస్తరా" అన్నడు. అమ్మ పోసింది. ఆ దినం అయ్యగారు తాగిండు.

మర్నాడు బాపు లేచి మొకం కడుక్కున్నంక అమ్మ ఆయనకు చెప్పింది. నేను పక్కనే ఉన్న. లొల్లి చేస్తడనుకున్న, నవ్వుతడనుకున్న, ఏడుస్తడనుకున్న. ఆయన తువ్వాల భుజం మీద వేసుకొని, "నాకొక్క మాట చెప్తే ఏమైతుండె శాంతమ్మా?" అన్నడు. గంతే. అమ్మ కండ్లల్ల నీళ్ళు చూసి ఆయనే "సరే తియ్" అన్నడు. ఆ వానకాలమంతా తాగిండు. దవాఖాన డాక్టరు మాట నిజమైతదని మేము పానం అరచేతిల పెట్టుకొని ఉన్నం.

ఎన్నిపార్లు ఆలోచించినా నాకు ఈడనే ఆగిపోతది. అన్నేండ్లు తాగినోనికి ఉడకబెట్టిన పండ్ల రసానికి, పులిసిన రసానికి ఫరక్ తెల్వదా? ఆ ముసలామె నాలుక్కు తెలిసింది మా బాపు నాలుక్కు తెల్వలేదా? తెలిసి గూడ తెల్వనట్టే ఉండి, తాగేటందుకు ఒక సాకు దొరికిందని పోయిండా? లేకుంటే భయానికి నిజంగనే నోట్ల రుచి తెల్వలేదా? అడగాలని ఎన్నోపార్లు అనుకున్న, అడగలే. అయ్యగారన్నది నిజమైతే, నమ్మిన మాటే మనిషిని పడగొట్టింది. మరి నమ్మిన మాటే ఆపింది గూడ కావచ్చు గద, ఏ మాట నమ్మినా ఆగుతడా అంటే, అట్ల గూడ అనబుద్ధి కాదు నాకు. నేను నమ్మే దేవుడు ఉత్త మాట కాదు. అయినా ఏ దేవుడు లేడన్న ఆ కుర్చీలాయన చచ్చిపోయేదాక తాగలేదంట. గిదేం లెక్కనో నాకు తెల్వదు.

వానలు ఆగినంక ఒక పొద్దుగాల బాపు తానంతట తానే లేచి జహనుమాకు నడిసిపోయిండు. మీటింగుల ఎప్పటి మాట అన్నడు. ఆదివారం సంఘానికి వచ్చిండు. సాక్ష్యం చెప్పమంటే లేచి "ఈ వారం దేవుడు నన్ను కాపాడిండు" అని కూసున్నడు, విడుదల అనలే, తాగుబోతును అనలే. బల్ల కాడ రొట్టె తీసుకున్నడు. గిన్నె రాంగనే తల తిప్పిండు. అయ్యగారు ఒక్క నిమిషం ఆగి, గిన్నెను పక్కాయన కాడికి జరిపి, బాపు నెత్తి మీద చెయ్యి పెట్టి ముంగటికి పోయిండు. బదిలీ అయి ఊరిడిసిపెట్టి పోయేదాక గట్లనే చేసిండు, ఎవరికి ఏం చెప్పలే. మా అమ్మ అప్పటికెళ్ళి ఏం చేసినా అయ్యగారికి చెప్పి చేసేది. బాపు మల్ల తాగలే. బారాత్‌లు బంద్ చేసి పిల్లలకు క్లారినెట్ నేర్పిండు. అయ్యగారు ఇది ప్రార్థన ఫలం అన్నడు, కరీం భాయ్ మీటింగ్ అన్నడు. అమ్మను అడిగితే "ఇంటికి వస్తుండు, చాలు" అన్నది.

గిప్పుడు ఛత్రినాకల ఆ రేకుల ఇల్లు లేదు. ఈ జల్‌పల్లిల మా గల్లీల ఏ ఖాళీ ప్లాటు గోడకు చూసినా ఒక ఫ్లెక్సీ, ఒక బ్రదర్ బొమ్మ, మైకు పట్టుకొని చెయ్యి ముంగటికి చాపిండు. ఒక్క రాత్రిలో విడుదల అంటరు. ఫోన్ల గూడ గదే. బల్లకు చిన్న చిన్న పిలాస్టిక్ కప్పులల్ల దుకాణం రసం ఇస్తుండ్రు, ఏమున్నదో పాకిటు మీద రాసి ఉంటది. మా అయ్యగారు తప్పు అయితే అయిండేమో గానీ, ఆయన మా గడప మీద కూసున్నడు, మా బాపుకు ఏం బుద్ధి చెప్తున్నడో ఆ బాపు మొకం చూసుకుంట చెప్పిండు. గిప్పుడు తప్పుడు బోధ ఏది అని ఎవరన్న అడిగితే నేను ముందుగాల, చెప్పేటాయన మీ ఇంటికి వచ్చిండా అని అడుగుత. అది గూడ సరైన జవాబు కాదు, నాకు ఎరుకే.

ఇదంతా ఇని సుగుణ ఖుషీ కాలే. "అంటే ఏది ఆపిందో నీకు గూడ తెల్వదన్నట్టు" అన్నది. "తెల్వదు" అన్న. ఆమె హ్యాండ్‌బ్యాగు ఇప్పి ఒక చిన్న కాగితం పొట్లం తీసి నా ముంగట పెట్టింది. లోపట బూడిద రంగు పొడి. ఆ విడుదల కూడిక బ్రదర్ ప్రార్థన చేసి ఇచ్చిండంట. కూరల కలిపి పెట్టాలె, తినేటోనికి తెల్వొద్దు, తెలిస్తే పనిచెయ్యదు అని చెప్పిండంట.

"కలిపినవా?"

"రెండు దినాలసంది. తాగంగనే కక్కుకుంటుండు అక్కా. ఆయనేమో దేవుడు మందును చేదు చేసిండని మురుస్తున్నడు. నిన్న మోకాళ్ళ మీద కూసొని ఏడ్సిండు. ఈ ఆదివారం సంఘంల సాక్ష్యం చెప్తనంటుండు." ఆమె పొట్లాన్ని ఏలుతోని నా దిక్కు జరిపింది. "నేనేం చెయ్యాలె? నాకు గిది చెప్పబుద్ధయితలేదు. పెండ్లయినకాడికెళ్ళి ఆయన గంత సంతోషంగ ఉండుడు నేను చూడలే."

నేను పొట్లం మడిసిన. గా పొట్లంల ఏమున్నదో ఆమెకు తెల్వదు, ఇచ్చినోనికి తెలుసో లేదో. "ఇది పట్టుకొని ఇయ్యాల్నే డాక్టరమ్మ కాడికి పోదం, నేను వస్త" అన్న. "ముందుగాల విక్టర్‌కు చెప్పు."

"చెప్తే మల్ల తాగడా?"

"తాగుతడేమో."

"దేవుని మీద నమ్మకం పోదా?"

"పోతదేమో. నాకు తెల్వదు సుగుణా. అయినా చెప్పు."

ఇగ ఆమె ఫోన్ తీసి, విక్టర్ పేరు మీద ఏలు పెట్టి ఆగింది. "ఏమని మొదలువెట్టాలె అక్కా?" అన్నది.

గదొక్కటైతే నాకు తెలుసు. "నిన్న నువ్వు తిన్న కూరల ఏం కలిపిన్నో చెప్త ఇను, అని మొదలువెట్టు" అన్న.